బంగారు చేప - పలనాటి నీళ్ళు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, పలనాటి చరిత్ర నాకంటె బాగా తెలిసినవారు మన సభ్యుల్లోనే పదిమంది ఉన్నారు గదా అన్నాను. కారంపూడి గురించీ, మాచర్ల చెన్నకేశవస్వామి గుడి గురించీ వారు రాస్తారు. నేను రాయబోయేది చేపల జబ్బుల చరిత్ర. అదీ తినే చేపలు కావు, గాజు తొట్టెలో పెంచుకునే గోల్డ్ ఫిష్. నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు గాని, మనవళ్ళ కోసం తొట్టె కొన్న సభ్యులు నాకు తెలిసి ఆరేడుగురున్నారు. వారిలో ఎక్కువమంది మొదటి నెల తిరక్కుండానే చేపల్ని పెరట్లో పూడ్చిపెట్టినవారు. అందులో నేనూ ఒకణ్ణి.

నా సంగతి ముందు చెప్పి తరువాత చరిత్రలోకి వెళతాను. ముప్ఫయి ఒక్క సంవత్సరాలు మంచినీటి సరఫరా పనిలో ఉన్నాను. ఫిల్టరు బెడ్లు దాటి వచ్చిన నీటిలో క్లోరిన్ తగినంత ఉన్నదో లేదో చూడడం నా రోజువారీ పని. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి ఆర్థోటొలిడిన్ చుక్కలు వేస్తే పసుపురంగు తిరగాలి. తిరగకపోతే ఆ నీళ్ళు ఊరికి వదలడానికి మనసొప్పేది కాదు. ఉద్యోగ విరమణ తరువాత మనవడి పుట్టినరోజుకు నరసరావుపేట బజారులో నాలుగు గోల్డ్ ఫిష్‌లనూ, గుండ్రటి గాజు బుడ్డినీ కొనుక్కొచ్చాను. పదోనాటికి నీళ్ళు మసకబారాయి. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మురికినీళ్ళలో అవస్థపడుతున్నాయనుకుని, రాత్రి పడుకోబోయేముందు నీళ్ళన్నీ పారబోసి, బుడ్డిని శుభ్రంగా కడిగి, కుళాయి నీళ్ళతో నింపాను. తెల్లవారేసరికి నాలుగూ వెల్లకిలా తేలి ఉన్నాయి.

“తాతయ్యా, మనం తాగే నీళ్ళేగా పోశావు?” అని వాడు అడిగాడు. ఆ నీళ్ళలో ఏం కలుపుతామో రోజూ కొలిచి రిజిస్టరులో రాసిన మనిషిని నేను. నోట మాట రాలేదు.

ఆ తరువాతనే పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. తెలిసిన సంగతులు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

గోల్డ్ ఫిష్ పుట్టిల్లు చైనా. మన బొచ్చె, శీలావతి చేపలకు దూరపు చుట్టం. అసలు దాని ఒంటి రంగు బూడిద కలిసిన వెండిరంగు. ఎప్పుడో ఒకసారి ఎర్రగానో పసుప్పచ్చగానో పుట్టిన పిల్లల్ని చంపడానికి చేతులురాక బౌద్ధులు జీవకారుణ్య చెరువుల్లో వదిలేవారు. అలా వేయి సంవత్సరాలకు పైగా ఏరి ఏరి పెంచగా వచ్చిన జాతి ఇది. 12వ శతాబ్దంలో సుంగ్ వంశపు చక్రవర్తి గావ్‌జుంగ్ హాంగ్‌జౌ నగరంలో వీటి కోసం కొలను కట్టించాడు. ఇక్కడ మన బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెం, కారంపూడి యుద్ధం జరిగినట్లు చెప్పేదీ ఆ శతాబ్దంలోనే. ఆ శతాబ్దపు మొదటి సగంలోనే కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో చేపలకు మేత వేసి గాలంతో పట్టే వినోదం గురించి ప్రత్యేకంగా రాశాడు. మనవాళ్ళు చేపను పట్టడంలో ఆనందం చూశారు, చైనావాళ్ళు చేపను ఊరికే చూస్తూ కూర్చోవడంలో చూశారు. ఏది గొప్ప అన్న వాదనలోకి నేను పోను.

చెరువులో ఉన్నంతకాలం చేపకు పెద్ద ఇబ్బంది లేదు. మింగ్ వంశపు కాలంలో వాటిని ఇళ్ళలోకి తెచ్చి మట్టి తొట్లలో, పింగాణీ గంగాళాల్లో పెంచడం వాడుకైంది. 1596లో జాంగ్ చ్యెన్‌ద అనే ఆయన వీటి మీద ఒక పుస్తకమే రాశాడు. పైనుంచి చూసి ఆనందించే చేప గనుక రెండు తోకలు, గుండ్రటి పొట్ట, బయటికి పొడుచుకొచ్చిన కళ్ళు ఉన్నవాటిని ఎంచి పెంచారు. చూడముచ్చటగా ఉంటాయి గాని, ఆ గుండ్రటి పొట్టలో పేగు, గాలితిత్తి ఇరుక్కుపోయి ఉంటాయి. బజారులో మనం ఎంతో ముచ్చటపడి కొనే పొట్టి చేప అప్పుడప్పుడు ఒక పక్కకు ఒరిగి, తలకిందులుగా తేలడానికి మూలం అక్కడుంది. అలా తేలినప్పుడు రెండు రోజులు మేత ఆపి, మూడోనాడు ఉడికించి తొక్కతీసిన పచ్చి బఠాణీ నలిపి వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పొడి మేతను కాసేపు నానబెట్టి వేయడం ఇంకా మంచిది.

1502లో ఈ చేప జపాన్‌కు చేరింది. 17వ శతాబ్దంలో ఓడలెక్కి యూరప్ వెళ్ళింది. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. అయినా గాజుపాత్రలో అది ఎందుకు చస్తుందో ఆ తరువాత కూడా చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. ఆ ముడి విప్పడం మొదలుపెట్టినవాడు చేపల వైద్యుడు కాదు, లండన్‌లోని ఒక రసాయన శాస్త్రజ్ఞుడు. పేరు రాబర్ట్ వారింగ్టన్. 1849లో ఆయన ఒక గాజుపాత్రలో రెండు గోల్డ్ ఫిష్‌లను, నీటిలో పెరిగే వాలిస్నేరియా గడ్డిని కలిపి ఉంచాడు. గడ్డి ఆకులు కుళ్ళి నీళ్ళు చెడుతుంటే నత్తల్ని వదిలాడు. అవి ఆ కుళ్ళును తినేశాయి. నీళ్ళు తేటపడ్డాయి, చేపలు బతికాయి. 1850లో ఆ సంగతి రసాయన శాస్త్ర సంఘంలో చదివాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మన దేశానికి ఆ ముచ్చట 1909లో వచ్చింది. ఎడ్గార్ థర్‌స్టన్ పూనికతో మద్రాసు మెరీనా ఒడ్డున చేపల ప్రదర్శనశాల తెరిచారు. గుంటూరు జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే గనుక, పట్నం చూసొచ్చిన మన ముందుతరంవారు కొందరు సముద్రం ఒడ్డున గాజు వెనక చేపలు చూశామని చెప్పుకునేవారు.

వారింగ్టన్‌కు పూర్తిగా తెలియని భాగం 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ పరిశోధనలతో తేలింది. చేప మొప్పల నుంచి, పెంట నుంచి, తినక మిగిలిన మేత నుంచి నీటిలోకి అమ్మోనియా చేరుతుంది. కంటికి కనిపించని ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గాను, మరొక రకం ఆ నైట్రైట్‌ను అంతగా హానిలేని నైట్రేట్‌గాను మారుస్తాయి. చెరువులో ఆ జీవులు కోట్లకొద్దీ ఉంటాయి. కొత్తగా కొన్న గాజు తొట్టెలో ఉండవు. అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నా చేపలు పదోనాడు పైకొచ్చి నోళ్ళు తెరిచినది అందుకే. నేను మురికి అనుకున్నది అమ్మోనియా.

ఇక్కడ మన పల్నాడు సంగతి చెప్పాలి. ఇది నాపరాతి నేల, సున్నపురాతి నేల. మన చిన్నప్పుడు కొన్ని బావుల నీళ్ళలో పప్పు ఉడికేది కాదు, కాగుల అడుగున తెల్లగా పెచ్చు కట్టేది. ఇలాంటి నీళ్ళలో క్షారగుణం ఎక్కువ. దానికి తోడు మన ఎండలు. రెంటచింతల పేరు మే నెల పేపర్లో చూడనివారు లేరు. అమ్మోనియాకు ఈ రెండూ కలిసొస్తాయి. పి.హెచ్. 7 ఉండి 20 డిగ్రీల వేడి ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది వెయ్యింట నాలుగు పాళ్ళు. అదే పి.హెచ్. 8 అయి, నీళ్ళు 30 డిగ్రీలు వేడెక్కితే వెయ్యింట 75 పాళ్ళ దాకా పోతుంది. పైగా నీరు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 35 డిగ్రీల వద్ద 7 మాత్రమే పట్టుకుంటుంది. గోల్డ్ ఫిష్ చల్లని దేశపు చేప, 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. దాన్ని మనం మే నెలలో కిటికీ పక్కన గుండ్రటి బుడ్డిలో పెడతాం. జబ్బు చేపదా, నీళ్ళదా మీరే చెప్పండి.

గుర్తు పట్టడం కష్టం కాదు. చేపలన్నీ ఒకేసారి పైకొచ్చి గాలి మింగుతున్నా, మొప్పలు మామూలుకంటె ఎర్రగా కందినా, అడుగున కూలబడి రెక్కలు ముడుచుకున్నా అనుమానం ముందు నీటిమీద పెట్టుకోవాలి. ఏ ఒక్కటో మాత్రమే నలతగా ఉంటే అప్పుడు చేప జబ్బు గురించి ఆలోచించాలి. వెంటనే చేయవలసినది మేత ఆపడం, మూడోవంతు నీళ్ళు తీసి నిలవ నీళ్ళు పోయడం, గాలి పంపు పెట్టడం. లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి పోస్తే నైట్రైట్ విషం నుంచి కొంత రక్ష. ఫిల్టరులోని స్పాంజిని కుళాయి కింద కడగరాదు, మేలు చేసే సూక్ష్మజీవులు చస్తాయి. తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

నిలవ నీళ్ళు అన్నాను గదా, అక్కడికే వస్తున్నాను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత కుడికాలువ నీళ్ళు పలనాటి పొలాలకే కాక మన కడవల్లోకీ వచ్చాయి. కాలువ కట్టేసిన నెలల్లో నిలవ చెరువుల్లోని నీళ్ళే ఊళ్ళకు ఆధారం. అలాంటి నీటిలో క్లోరిన్ కలపకపోతే కలరా, టైఫాయిడ్ తప్పవు. ఈ పద్ధతి పుట్టిందీ ప్రాణాలు పోయినచోటనే. 1905లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో టైఫాయిడ్ చెలరేగినప్పుడు కుళాయి నీళ్ళలో క్లోరిన్ కలిపారు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ దాన్ని నిత్యవిధిగా చేసుకుంది. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలని మన దేశపు ప్రమాణం. మనిషిని కాపాడే ఆ మాత్రమే చేప మొప్పల్ని కాల్చేస్తుంది. మనం తాగితే అది పొట్టలో పడుతుంది, చేపకు నేరుగా మొప్పల పలుచటి పొరకు తగులుతుంది. మనవడి ప్రశ్నకు జవాబు ఇది. చెప్పడానికి నాకు నెలరోజులు పట్టింది.

విరుగుడు చాలా తేలిక. వెడల్పాటి గంగాళంలో నీళ్ళు పట్టి మూత లేకుండా ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరైతే హైపో పలుకు. పాతకాలపు ఫోటో స్టూడియోల్లో ప్రింట్లు కడగడానికి వాడిన తెల్లటి హైపోయే ఇది. పది లీటర్లకు ఆవగింజంత పలుకు చాలు. అదేదో మందన్నట్లు బజారులో రంగు సీసాల్లో అమ్మేవాటిలోనూ చాలావరకు ఉండేది ఇదే.

ఇక అసలు జబ్బుల సంగతి. గోల్డ్ ఫిష్‌కు మామూలుగా వచ్చేది తెల్లమచ్చల జబ్బు. ఒళ్ళంతా ఉప్మారవ్వ చల్లినట్లు కనిపిస్తుంది, చేప తొట్టె అంచులకు రాసుకుంటుంది. దీనికి కారణమైన ఏకకణ జీవిని 1876లో ఫూకే అనే ఫ్రెంచివాడు వర్ణించాడు. దాని జీవితం తెలిస్తేనే వైద్యం కుదురుతుంది. చర్మం కింద దాగి ఉన్నంతసేపు ఏ మందూ దాన్ని ముట్టదు. బలిసి, రాలి, అడుగున చేరి గుల్ల కట్టుకుని వందలాది పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. మందుకు దొరికేది ఆ ఈదే దశలోనే. మచ్చలు రాలిపోయాయని మూడోరోజున వైద్యం ఆపేసినవారి తొట్టెలో వారం తిరిగేసరికి అంతకు పదింతలు కనిపించేది ఇందుకే. లీటరుకు మూడు గ్రాముల లెక్కన కల్లుప్పును ఒకటి రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా కలిపి, పది రోజులు ఉంచాలి. నీటిమొక్కలుంటే ముందే తీసేయాలి. ఈ జీవికి 30 డిగ్రీలు దాటిన వేడి పడదు గనుక, మన ఎండలు చేపకు చేసే ఒక్క ఉపకారం ఇదేనేమో. మన దగ్గర మార్గశిర పుష్య మాసాల్లో, రాత్రులు చల్లబడినప్పుడు జాగ్రత్తగా చూసుకోవాలి.

దెబ్బ తగిలినచోట దూది అంటించినట్లు బూజు కనిపిస్తే అది శిలీంధ్రం. దానికీ ఉప్పు, మిథిలీన్ బ్లూ. ఈ నీలిరంగును జర్మనీలో కారో తయారుచేసినది కూడా 1876లోనే కావడం విశేషం. 1891లో మలేరియా రోగులమీద సైతం ప్రయోగించారు. అయితే దీన్ని ప్రధాన తొట్టెలో పోయవద్దు, మేలుచేసే సూక్ష్మజీవుల్ని కూడా చంపుతుంది. వేరే బకెట్టులో వైద్యం చేయాలి. రెక్కల చివర్లు పీలికలవుతుంటే నీళ్ళు బాగాలేవని అర్థం. నీళ్ళు మార్చుతూ ఉంటే చాలావరకు అదే మానుతుంది. పచ్చటి, పల్చటి బిళ్ళలాంటి పురుగు ఒంటిమీద పాకుతుంటే అది చేపపేను. చెరువుల్లో చేపలు పెంచే రైతులకు బాగా తెలిసిన శత్రువే. తడిగుడ్డలో చేపను పట్టుకుని పట్టకారుతో తీసేయవచ్చు.

ఒక జబ్బుకు మాత్రం ఆశ పెట్టుకోవద్దు. పొట్ట ఉబ్బి, పొలుసులన్నీ సీతాఫలం తొక్కలా లేచి నిలబడితే లోపల మూత్రపిండాలు పాడైనట్లే. నేను చూసినవాటిలో ఒక్కటీ బతకలేదు.

మందుల విషయంలో మన నీళ్ళు మరో రెండు పేచీలు పెడతాయి. చాలామంది టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి నీళ్ళలో కలుపుతారు. మన కఠినజలంలోని కాల్షియం ఆ మందును కట్టిపడేస్తుంది. నీళ్ళు పచ్చబడడమే గాని చేపకు అందేది స్వల్పం. పర్మాంగనేటు కూడా క్షారం ఎక్కువున్న నీటిలో గోధుమరంగు మడ్డిగా విడిపోయి మొప్పలమీద పేరుకుంటుంది. బావుల్లో వేసినట్లు చేప తొట్టెలో వేయరాదు. మలకైట్ గ్రీన్ ఉన్న మందులు పసిపిల్లలు చేతులు పెట్టే ఇంట్లో ఉండకపోవడమే మేలని నా అభిప్రాయం.

ముద్దుకు పెంచుకునే చేప జబ్బు చరిత్రలో చేర్చడమేమిటని అడిగేవారికి ఒక్క సంగతి చెబుతాను. 1971, 72 సంవత్సరాల్లో జపాన్‌లో ఆయు అనే చేపల్లో, గోల్డ్ ఫిష్‌లలో ఒళ్ళు పుండ్లుపడే కొత్త జబ్బును శాస్త్రజ్ఞులు చూశారు. కారణం ఒక నీటిబూజు. ఆస్ట్రేలియాలోనూ అదే కాలంలో కనిపించి, ఆగ్నేయాసియా దేశాల మీదుగా 1988లో మన ఈశాన్య రాష్ట్రాలకు చేరింది. తొంభయ్యో దశకం మొదట్లో ఆంధ్రదేశపు చెరువుల్లోకి వచ్చింది. కొరమేను ఒంటిమీద ఎర్రటి పుండ్లు చూసి జనం చేప కొనడమే మానుకున్నారు. మనిషికి అంటని జబ్బని ఎంత చెప్పినా వినలేదు. పట్టిన చేప అమ్ముడుపోక చేపలవారి ఇళ్ళలో పొయ్యి వెలగని రోజులవి. దానికి చెప్పిన ముఖ్యమైన వైద్యం చెరువులో సున్నం చల్లడం. భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని మంచినీటి చేపల పరిశోధనా సంస్థ ‘సిఫాక్స్’ అనే మందును కూడా తయారుచేసింది. సున్నం తక్కువున్న, చల్లటి నీళ్ళంటే ఆ బూజుకు ఇష్టం. పిడుగురాళ్ళ బట్టీల పక్కన పుట్టి పెరిగిన నాకు, పప్పు ఉడకనివ్వని ఆ సున్నమే చేపకు మందని తెలిసినప్పుడు ఆశ్చర్యం వేసింది.

1992లో జపాన్‌లోనే గోల్డ్ ఫిష్‌లకు ఒక వైరస్ జబ్బు బయటపడింది. మొప్పలు పాలిపోయి మందలు మందలుగా చస్తాయి. గత దశాబ్దంలో మన దేశంలోనూ గుర్తించారు. దీనికి మందు లేదు. మన బజారుకు వచ్చే చేపల్లో చాలా భాగం చెన్నై పక్కన కొళత్తూరు వంటి చోట్ల పెరిగి, ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రాత్రంతా ప్రయాణం చేసి వస్తాయి. అందుచేత కొత్త చేపను మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి చూసిగాని పాతవాటితో కలపరాదు. విసుగుపుట్టి కాలువలోనో చెరువులోనో వదిలే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు. తొట్టెలో జబ్బు తొట్టెతో పోతుంది, కాలువలో పడితే ఎవరి నోటి దగ్గర కూడు తీస్తుందో చెప్పలేం.

రెండోసారి మేము బుడ్డి కొనలేదు. అరవై లీటర్ల తొట్టె తెచ్చి, చేపలు లేకుండానే స్నేహితుడి తొట్టెలోని పాత స్పాంజి ముక్క వేసి, చిటికెడు మేత వేస్తూ నెలన్నర నడిపించాం. మా ఆవిడ ఖాళీ తొట్టెకు మేత వేస్తున్న మొగుణ్ణి చూసి వీధిలో అందరికీ చెప్పింది. తరువాత రెండే చేపలు వేశాం. ఇప్పటికి నాలుగేళ్ళు దాటింది. రెండూ బతికే ఉన్నాయి, జానెడు పెరిగాయి. శనివారం సాయంత్రం పెరట్లో గంగాళం నింపిపెట్టడం మా మనవడి పని. ఆదివారం పొద్దున పావు వంతు నీళ్ళు మార్చుతాం. మార్చేముందు నా పాత గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, రంగు తిరగలేదని వాడే చూసి చెబుతాడు.